బాయిలర్ గది దర్వాజ

రంగుల మిల్లు గేటు పక్క గోడకు బోర్డు బిగిస్తున్నారు. రోడ్డుకు ఇవతల బండి మీద మక్కకంకులు కాలుస్తూ సత్తమ్మ చూస్తూనే ఉంది. ఇత్తడి బోర్డు, నున్నటి అక్షరాలు, పైన పెద్దదొర బొమ్మ. దొర చచ్చి చాలా కాలమైంది. బొమ్మలో మాత్రం ఇప్పుడే భోంచేసి లేచినట్టు నవ్వుతున్నాడు.

సత్తమ్మకు చదువు రాదు. మిల్లు లోపల టేపు పెట్టి గోడలు కొలిచే పిల్ల కావ్య, రోజూలాగే కంకి కోసం వచ్చింది. పాత కట్టడాలను ఎట్లా కాపాడాలో చదువుకున్న పిల్ల. అన్నోజిగూడ నుంచి బస్సులో వచ్చి, మిల్లును హోటలుగా మారుస్తున్న కంట్రాక్టరు కామరాజు దగ్గర పని చేస్తోంది.

"బిడ్డా, జర సదివి జెప్పు. ఏం రాసిన్రు?"

కావ్య చదివింది. ఇది నగరం గర్వించదగ్గ పారిశ్రామిక వారసత్వ కట్టడమట. పెద్దదొర కార్మికులను కన్నబిడ్డల్లా సాకాడట. చివరి వాక్యం దగ్గర ఆ పిల్ల ఆగింది.

"ఆపినవేంది? సదువు."

"బాయిలర్ ఆపరేటర్ విధులు వదిలి వెళ్లిన కారణంగా జరిగిన ప్రమాదంతో మిల్లు మూతపడింది."

బొగ్గుల మీద కంకి మాడిపోతోంది. సత్తమ్మ దాన్ని తిప్పలేదు. ఆ ఆపరేటరు పేరు రాజలింగు. సత్తమ్మ మొగుడు.

"ఇడిసిపెట్టి పోయినోడైతే బతికుండేటోడు గద బిడ్డా," అంది సత్తమ్మ. ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్లుగా ఆమెకు వస్తున్నది ఏడుపు కాదు, కోపం. బండిని సరిగ్గా గేటు ఎదురుగా పెట్టుకున్నది కూడా అందుకే. పెద్దదొర కొడుకు చిన్నదొర కారు వచ్చినప్పుడల్లా అద్దంలోంచి తన మొహం వాడికి కనపడాలి. తిన్నది వాడికి అరగకూడదు.

వినేవాళ్లకు వెనకటి సంగతి చెప్పాలి. నాచారంలో అది దారానికి రంగులద్దే మిల్లు. జనగామ నుంచీ సిద్దిపేట నుంచీ బతకడానికి వచ్చినవాళ్లు అందులో పని చేసేవారు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా వాళ్ల గోళ్లకు ఎరుపో నీలమో అంటుకునే ఉండేది. రాత్రి షిఫ్టు వాళ్లు దారం ఎత్తుకుపోతారని పెద్దదొర అనుమానం. అందుకని గదులకు బయటి నుంచి తాళాలు వేయించేవాడు. కన్నబిడ్డలను అలాగే సాకుతారు కాబోలు! ఒక రాత్రి బాయిలర్ పేలింది. లోపలున్న రాజలింగు, కొమురెల్లి, బాలమణి, ఖాజామియా, అప్పుడే పనిలో చేరిన జీవన్ అందరూ పోయారు. వెనక గోడ పగలగొట్టి శవాలు తీశారు. తాళం ప్రమాదం తర్వాత వేసిందని దొర చెప్పాడు. ఆపరేటరు డ్యూటీలో లేడన్నాడు, అటూ ఇటూ తిరిగొచ్చి అదే మంటల్లో చిక్కాడన్నాడు. కేసు నడిచి నడిచి చల్లారిపోయింది.

శవాలను గేటు ముందు పెట్టుకున్ననాడు యూనియన్ నాయకుడు మొగిలయ్య చెయ్యెత్తి ఒట్టు పెట్టించాడు. దొర తప్పు ఒప్పుకునేదాకా ఈ గేటు లోపల కాలు పెట్టేది లేదు. అందరూ చెయ్యెత్తారు. ఆ ఒట్టు నిలబడింది. పాత ఇనుము అమ్మేటప్పుడు మిల్లులో రోజుల తరబడి కూలి దొరికింది. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా బస్తీ నుంచి ఒక్క మనిషి పోలేదు. బోనాలప్పుడు మిల్లు మైసమ్మకు బోనం కూడా గేటు బయటే దించి, లోపలివైపు తిరిగి దండం పెట్టి వచ్చేవారు. వాళ్లకు మిగిలిన ఆస్తి ఆ ఒట్టే.

కావ్య కంకి తీసుకోలేదు. కాసేపు కాలితో మట్టి గీసి, చివరికి నోరు తెరిచింది.

"ఇంకో మాట జెప్పాలె పెద్దమ్మా. బాయిలర్ గది గోడ మీద ఎర్ర రంగుతోని గుర్తు వెట్టిన్రు. బోనాల ఆదివారం నాడే కూలగొడ్తరు. అక్కడ కార్ల పార్కింగ్ వస్తది."

"హెరిటేజ్ అని బోర్డు ఏస్తున్రు, మల్ల కూలగొట్టుడేంది?"

"పెద్ద షెడ్డు, చిమ్నీ ఉంచుతరు. ఆ గదికి విలువ లేదని రాసిన్రు. అసలు నియమం గట్ల లేదు. ఏ జాగతోని ఎవల బతుకు ముడివడి ఉన్నదో వాళ్లను అడగాలె. అడగకుంట ఇటుక గూడ కదిలించొద్దు."

"మరి మమ్మల్ని అడిగిన్రా?"

"మీటింగ్ వెట్టిన్రు. మిల్లు లోపల. కార్మికులు రావాలని గేటుకు కాయితం అతికిచ్చిన్రు. మీరెవ్వరు రాలే. కార్మికులకు అభ్యంతరం లేదని రాసుకున్నరు."

సత్తమ్మకు ఒక్కసారిగా కళ్ల ముందు అంతా తేటపడింది. ఆ మీటింగ్ జరిగిననాడు వాళ్లంతా ఇక్కడే ఉన్నారు. గేటు బయట, ఎండలో, ఒట్టు తప్పకుండా నిలబడి, లోపలికి పోయే కార్లను చూసి ఉమ్మేశారు. మనల్ని లోపలికి రప్పించలేకపోయాడు చూడు అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. దొర కొడుకుకు వీళ్ల ఒట్టు సంగతి తెలుసు. తెలిసే మీటింగు లోపల పెట్టాడు.

ఆ సాయంత్రం రైలు పట్టాల పక్కనున్న యూనియన్ రేకుల గది కిక్కిరిసింది. పాత మిల్లు మనుషులు, వాళ్ల కొడుకులు, కోడళ్లు. ఇప్పుడు ఒకడు ప్లాస్టిక్ కంపెనీలో కంట్రాక్టు కూలి, ఒకడికి ఆటో, ఇద్దరు ఆడవాళ్లు ఉప్పల్ మెట్రో స్టేషను ఊడుస్తారు. మిల్లు పోయినా కూలి పోలేదు. వాన రేకుల మీద దంచుతుంటే అరిచి మాట్లాడుకుంటున్నారు.

కొమురెల్లి కొడుకు దయాకర్ లేచాడు. తండ్రి పోయేనాటికి తల్లి చంకలో ఉన్నాడు.

"మాటలెందుకు? రెండు డబ్బాల డీజిలు సాలు. వాని హోటలు, వాని చిమ్నీ, వాని బోర్డు, అన్ని బూడిద జేద్దం. మా నాయినను కాలిస్తిరి, మీరు గూడ కాలుండ్రి!"

గది ఊగిపోయింది. "గట్లనే జేయాలె!" అని అరుపులు. నిజం చెప్పాలంటే సత్తమ్మ గుండె కూడా గట్లనే అంది. మొగుణ్ణి మింగిన ఆ గోడలు నేలమట్టమైతే చూడాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో ఆశ.

కావ్య మూలన నిలబడి ఉంది. దొర దగ్గర జీతం తీసుకునే పిల్లను మీటింగుకు ఎవరు రమ్మన్నారని అప్పటికే ఇద్దరు ముగ్గురు కస్సుమన్నారు.

"కాలబెడితే మీరు జైలుకు పోతరు. గది ఎట్లైనా కూలాలనే చిన్నదొర అనుకుంటున్నడు," అంది ఆ పిల్ల. "ఆ గదికి ఇంక పాత దర్వాజ ఉన్నది. తాళం గూడ ఉన్నది. తుప్పువట్టింది కానీ ఊడలే. ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్నదే మా పనిల మొదటి నియమం. జాగ జెప్పే కథ మొత్తం జెప్పాలె, మనకు నచ్చిన ముక్క ఒక్కటే గాదు."

"నీ నియమాలు నీకాడ్నే వెట్టుకో అక్కా," అన్నాడు దయాకర్.

"ఆగు కొడుకా," అని సత్తమ్మ లేచింది. "కాలవెడితే కండ్లు సల్లవడ్తయ్, నిజమే. కానీ వాడు సేసుకునే పని మనం సేసి పెడ్తమా? మనుసులను సంపిన జాగ అది. అది కూలితే ఎవ్వనికి సుఖం? వానికే. కూలనియ్యొద్దు. వాడు కారు దిగినప్పుడల్లా ఆ దర్వాజ వాని కంట్ల వడాలె. వాని పిల్లల కంట్ల వడాలె. నా పగ గట్ల దీరుతది."

మొగిలయ్య మోకాళ్లు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"అడ్డుకోవాలంటె గేటు దాటాలె సత్తమ్మా. ఒట్టు దీస్తె మనకేం మిగుల్తది?"

"ఒట్టు మనం వెట్టుకున్నది, గేటు వానిది. మనం బయటుంటె వానికి నష్టమేందన్నా? మన ఇజ్జత్ మనం కాపాడుకుంటున్నమనుకున్నం. వాడు లోపల కుషీగ గోడలు కడిగిండు, బోర్డు రాసిండు. వాళ్లు మనోళ్ల మీద తాళం ఏసిన్రు. మన మీద మనమే ఏసుకున్నం."

ఆ మాట ముసలాయనకు తగలాల్సిన చోటే తగిలింది. బెంచీ మీంచి లేచాడు.

"ఒట్టు వెట్టిచ్చింది నేను. ముందుగాల నేనే దాటుత."

"నువ్వు ముందు నడిస్తె లాఠీ ముందొస్తది. బోనమెత్తుకున్న ఆడోళ్లు ముందు నడుస్తరు. మీరు మా ఎనక రాండ్రి."

ఆషాఢం ఆదివారం. డప్పులు దద్దరిల్లుతున్నాయి. వేపమండలు కట్టిన బోనాలు నెత్తిన పెట్టుకుని, కాళ్లకు పసుపు రాసుకుని ఆడవాళ్లు వరుస కట్టి వచ్చారు. ఏటా అయితే గేటు దగ్గర ఆగేవారు. ఈసారి ఆగలేదు. కాపలావాళ్లు అడ్డం వచ్చారు. కామరాజు పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఇది ప్రైవేటు జాగ! బయట్నే మొక్కుకోండ్రి!"

"మైసమ్మ నీ ప్రైవేటా రా?" అంది ఒక ముసలామె. గుంపంతా నవ్వింది. నవ్వుతూనే తోసుకుంటూ లోపలికి పోయింది. మొగిలయ్య గేటు దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. దయాకర్ ఆయన రెక్క పట్టుకుని నడిపించాడు.

లోపల పెద్ద షెడ్డు గుర్తుపట్టరాకుండా మెరుస్తోంది. మసి కడిగేశారు. రంగు తొట్లలో పూలమొక్కలు నాటారు. ఆ తొట్లలో చేతులు ముంచీ ముంచీ బాలమణి వేళ్లు చివికిపోయాయి. ఇప్పుడు వాటి పక్కన కుర్చీలు వేసి కాఫీ అమ్ముతారట. సత్తమ్మ ఎటూ చూడకుండా వెనక్కి నడిచింది. పిచ్చిచెట్ల మధ్య బాయిలర్ గది ఉంది. గోడ మీద ఎర్ర గుర్తు, చుట్టూ సమ్మెటలు పట్టుకున్న కూలీలు.

దర్వాజను ఆమె ఇరవై ఏళ్లలో ఇప్పుడే చూడడం. చెక్క మీద ఇనుపరేకు కొట్టిన దర్వాజ. బయట గొలుసు, గొలుసుకు తాళం. రేకు బయటికి ఉబ్బి ఉంది. ఒక్కచోట కాదు. మనిషి భుజం ఎత్తున ఉబ్బింది, నడుము ఎత్తున ఉబ్బింది, అడుగున నేలకు ఆనుకుని కూడా ఉబ్బింది. నిలబడి బాదారు. తర్వాత నిలబడలేక కూర్చుని బాదారు. తర్వాత పడిపోయి కాళ్లతో తన్నారు.

సత్తమ్మ బోనం దించి దర్వాజ ముందు పెట్టింది. ఉబ్బిన రేకు మీద అరచెయ్యి ఆనించింది. కడుపులోంచి ఒక అరుపు తన్నుకొచ్చింది. అది శోకం కాదు. అది విన్న కామరాజు రెండడుగులు వెనక్కి వేశాడు.

"సూస్తరేంది? జనాన్ని పక్కకు గుంజి కొట్టుండ్రి!" అని తేరుకుని కూలీల మీద అరిచాడు. "ఇయ్యాల్నే అయిపోవాలె!"

కూలీల ముందు శాంతాబాయి ఉంది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె దర్వాజను చూసింది, సత్తమ్మను చూసింది.

"లోపట మనుషులున్నప్పుడే తాళమేసిన్రా అక్కా?"

"ఉన్నప్పుడే చెల్లె."

శాంతాబాయి కామరాజు వైపు తిరిగింది. "పీర్జాదిగూడల బిల్డింగు కాడ మా షెడ్డుకు గూడ రాత్రి బయటికెల్లి తాళమేస్తున్నవ్ గద. అడ్వాన్సు దీస్కొని పారిపోతమని. లోపట పసిపిల్లలున్నరు. నిప్పంటుకుంటె మేం గూడ గిట్లనే గుద్దాల్నా?"

సమ్మెట నేల మీద పడ్డ చప్పుడు అయింది. ఒకటి పడితే వెనకే మిగతావన్నీ పడ్డాయి. శాంతాబాయి వచ్చి సత్తమ్మ పక్కన చతికిలబడింది. ఆ సాయంత్రమే పీర్జాదిగూడ షెడ్డు తాళాన్ని అదే సమ్మెటతో పగలగొట్టారని తర్వాత తెలిసింది.

ఆనాటి నుంచి దర్వాజ ముందు జనం లేవలేదు. వంతులవారీగా కూర్చున్నారు. షిఫ్టు దిగినవాళ్లు వచ్చేవారు, షిఫ్టు ఎక్కేవాళ్లు పోయేవారు. కావ్య పని ఊడింది. ఆ పిల్ల యూనివర్సిటీ విద్యార్థులను పోగుచేసి వారసత్వ కట్టడాల కమిటీ ముందు కూర్చోబెట్టింది. కార్మికులు రాలేని చోట పెట్టిన మీటింగు మీటింగే కాదని వాదించింది. కమిటీ దిగిరాక తప్పలేదు. ఈసారి విచారణ దర్వాజ ముందే జరగాలని ఒప్పుకుంది.

కమిటీ మేడం వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చిన్నదొర తెల్లచొక్కాతో వచ్చాడు. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం.

"మేడం, ఈ గదికి నిర్మాణపరంగా ఏ ప్రత్యేకతా లేదు," అన్నాడు. "అయినా వీళ్ల బాధ నేను అర్థం చేసుకోగలను. చనిపోయినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయిస్తాను. సత్తమ్మగారికి లోపల కంకుల స్టాలు ఉచితంగా ఇస్తాను. ఇంకేం కావాలి?"

ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికొకడు. సత్తమ్మ లేచి వాడి ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్లుగా అద్దం వెనక చూసిన మొహం ఇప్పుడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. ఆ చెంప మీద తన ఐదు వేళ్లూ అచ్చు వేయాలని చెయ్యి తీట పెట్టింది. బిగబట్టుకుంది.

"తాళంచెవి తెచ్చినవా దొరా?"

"ఏ తాళంచెవి?"

"గీ తాళానిది. మీ నాయిన మొలకు కట్టుకొని తిరిగెటోడు."

"చూడమ్మా, అది ప్రమాదం తర్వాత వేసిన తాళం. రికార్డుల్లో ఉంది."

"తర్వాత ఏసిన్రా? మరి గీ రేకును ఎవ్వరు గుద్దిన్రు దొరా? శవాలు గుద్దినయా?"

మేడం లేచి వచ్చి రేకును దగ్గరగా చూసింది, కింద నేల దాకా వంగి చూసింది. చిన్నదొర మాత్రం అటు తిరగలేదు. మెడ అటు తిరగడానికి ఒప్పుకోలేదు.

"కమిటీ తేల్చేదాకా ఈ గదిలో ఇటుక కూడా కదపొద్దు. ఆ బోర్డు తీసేయండి," అని చెప్పి మేడం వెళ్లిపోయింది.

చిన్నదొర కూడా కారు వైపు తిరిగాడు. జనం అడ్డం లేవలేదు. రెండు వరుసలుగా జరిగి, ఒక్క మనిషి పట్టేంత సందు ఇచ్చారు. వాడు అందులోంచే పోవాలి. ముందు దయాకర్ ఉన్నాడు. వాడి మొహంలో మొహం పెట్టి, "కొమురెల్లి," అన్నాడు. తర్వాతి మనిషి, "బాలమణి." ఆ తర్వాత, "ఖాజామియా." అరుపుల్లేవు, తిట్లు లేవు. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పి ఊరుకుంటున్నారు. మొగిలయ్య జీవన్ పేరు చెప్పేటప్పటికి చిన్నదొర చొక్కా వీపుకు అంటుకుపోయింది. పరుగెత్తుదామంటే సందు చాలదు.

చివర సత్తమ్మ నిలబడింది. కట్టుకున్ననాటి నుంచి ఆమె మొగుడి పేరు నోటితో అనలేదు. పోలీసులకు చెప్పేటప్పుడు కూడా పక్కవాళ్లతోనే చెప్పించింది. వాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. చిన్నదొర ఆమె ముందుకొచ్చి ఆగాడు.

"రాజలింగు," అంది సత్తమ్మ. "మా ఆయన పేరు రాజలింగు. డ్యూటీ ఇడిసిపెట్టి పోలే."

వాడు కారెక్కాడు. చీకటి పడకముందే పోలీసు వ్యాను వచ్చింది. పరాయి జాగలో చొరబడ్డారని కేసు. సత్తమ్మను, మొగిలయ్యను, దయాకర్‌ను, కావ్యను ఎక్కించారు. సత్తమ్మను ఎవరూ లాగనక్కర్లేకపోయింది. కొంగు దోపుకుని తనే మెట్టెక్కింది.

"ఇగ లోపల ఎవ్వరున్నరు, ఖాళీయేనా?" అని కానిస్టేబుల్ కామరాజును అడిగాడు.

కామరాజు చేత్తో దర్వాజ వైపు చూపించాడు. శాంతాబాయి దర్వాజకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఆమె పక్కన పీర్జాదిగూడ కూలీలు, వాళ్ల వెనక షిఫ్టు వదిలిన ప్లాస్టిక్ కంపెనీ వాళ్లు, టిఫిన్ డబ్బాలు చేతుల్లోనే ఉన్నాయి. గేటులోంచి ఇంకా వస్తూనే ఉన్నారు. చచ్చినవాళ్లను వాళ్లలో ఎవరూ చూసి ఎరగరు.

వ్యాను కదిలింది. జాలీలోంచి సత్తమ్మకు శాంతాబాయి గొంతు వినపడింది. పలకడం సరిగా రాని యాసలో, గట్టిగా, "రాజలింగు!" అంటోంది. జనమంతా ఆమె వెనక అదే పేరు అందుకున్నారు.